పిల్ల ట్యాంకుకు పెట్టిన బొట్టు

కారు మరిగిందంటే ఇంజను పోయిందని తేల్చేసేవాళ్లతో నాకు ఇప్పటికీ పడదు. మరగడం వేరు, నీళ్లు పోగొట్టుకోవడం వేరు. ఈ తేడా నలుగురికి నచ్చజెప్పడానికి నాకు ఒక దసరా పండగ, ఒక మంచి పట్టుచీర ఖర్చయ్యాయి.

నేను ఉద్యోగం నుంచి ముందుగానే తప్పుకుని ఇంట్లో కూర్చున్నాక, ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు వచ్చి పలకరిస్తుంటారు. అందరూ అడిగే మాట ఒకటే. ఆ రోజుల్లో ఆడమనిషికి లారీల షెడ్డు ఎట్లా అప్పగించారు, అని. అప్పగించినప్పుడు ఎవరూ గట్టిగా అప్పగించలేదమ్మా. దసరా దాకా చూద్దామన్నారు. ఆ దసరా ఎలా గడిచిందో రాస్తున్నాను. నీతి వెతుక్కునేవాళ్లు వెతుక్కోండి, నేను మాత్రం నీతి కోసం రాయడం లేదు.

డెబ్బైల మొదట్లో మాట. మా కంపెనీ పటాన్‌చెరు దాటాక సంగారెడ్డి పోయే రోడ్డు పక్కన ఉండేది. అటూ ఇటూ జొన్న చేలు, మధ్యలో మా రేకుల షెడ్లు. కొలిమిలో ఇనుము కరిగించి, పెద్ద ప్రభుత్వ కర్మాగారానికి పోత సామాను చేసి పంపడం మా పని. నేను హైదరాబాదులో ఫిజిక్స్‌తో బీయస్సీ చదివి, టైపిస్టుగా చేరాను. ఫిజిక్స్ చదివిన ఆడపిల్లను ఏం చేసుకోవాలో అప్పట్లో ఎవరికీ తెలియదు, టైపు వచ్చిన ఆడపిల్లను ఏం చేసుకోవాలో మాత్రం అందరికీ తెలుసు. పొద్దున లేస్తే క్షమాపణ ఉత్తరాలు కొట్టడమే. లారీ చెడిపోయినందువల్ల సరుకు ఆలస్యమైనది, మన్నించగలరు. అదే ఉత్తరం, తేదీ ఒక్కటే మారేది. ఒకరోజు విసుగొచ్చి, లారీ ఎందుకు ఇన్నిసార్లు చెడుతోందో ఎవరైనా చూశారా అని యజమాని గదిలోనే అడిగాను. చూడాల్సిన షెడ్డు ఇంచార్జి అంతకు ముందే పెద్ద కర్మాగారంలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. యజమాని హైదరాబాదు మనిషి, తొందరపడి మాట్లాడేవాడు కాదు. నా వైపు తిరిగి, నువ్వే చూడరాదమ్మా అన్నాడు. దసరా దాకా చూడమన్నాడు.

ఆ గదిలోనే మా వర్క్స్ మేనేజర్ కూడా ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చినాయన. పని తెలిసిన ఇంజనీరు, మడత నలగని చొక్కా, రోజూ పూజ చేసుకుంటే తప్ప మంచినీళ్లు ముట్టనివాడు. షెడ్డుకు తన ఊరి మనిషిని ఒకతన్ని అనుకుని పెట్టుకున్నాడు. ఆయన మీద నాకు గౌరవం లేదని మీరు అనుకోకండి. పని రానివాళ్లతో వాదించడంలో రుచేం ఉంటుంది? ఆయనతో వాదిస్తే ఆకలేసేది.

ఇక కారు సంగతి. అది యజమాని తండ్రి నిజాం కాలంలో కొన్న ఇంగ్లీషు కారు. నల్లటిది, ముందు గుండ్రటి దీపాలు, బానెట్టు పక్కల నుంచి రెక్కల్లా తెరుచుకునేది. ఏడాది పొడుగునా గుడ్డ కప్పుకుని షెడ్డు మూల ఉండేది, ఎప్పుడో ఒకసారి బయటికి తీసేవారు. దసరా నాడు మాత్రం దానిదే రాజ్యం. సాయంత్రం యజమాని అందులో కూర్చుంటే, ముందు డప్పులు, వెనక లారీలు, చుట్టూ కార్మికులు, ఊరి చివర జమ్మిచెట్టు దాకా ఊరేగింపు. అక్కడ జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుని ఇళ్లకు పోవడం. అంతకు ముందు దసరాకు ఆ కారు సగం దారిలో పొగలు కక్కి నిలబడిపోయింది. జనం తోసుకుంటూ జమ్మి దాకా తీసుకుపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకు కొలిమి పగిలి పని ఆగిపోయేసరికి, కారు ఆగినందుకే కొలిమి ఆగిందని పనివాళ్లంతా నమ్మారు. యజమాని నమ్మాడో లేదో తెలియదు కానీ నాతో చెప్పిన షరతు మాత్రం ఇది: కారు ఆగకుండా జమ్మి దాకా పోతే షెడ్డు నాది, ఆగితే నా టైపు మిషన్ నాకు ఉంది.

మేనేజర్ ఆ షరతు విని చాలా సంతోషించాడు. ఆ కారుకు ఇంజను నీళ్లను చల్లబరిచే రేడియేటరే మార్చాలని, ఆ రేడియేటర్ ఈ దేశంలో దొరకదని ఆయనకు బాగా తెలుసు.

కారు నడిపేది లక్డారం నుంచి వచ్చే పెద్దాయన. నేను ఆయన్ని కాకా అనేదాన్ని. ఆయన నలుగురిలో నన్ను మేడం అనేవాడు, ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేవాడు. మొదటిరోజు కారు గురించి అడిగితే, అది తాగుబోతు బండి, ఎన్ని నీళ్లు పోసినా తాగుతది అన్నాడు. బయటికి తీసినప్పుడల్లా ముందు రేడియేటర్ మూత తీసి, అంచు దాకా నింపుతాడట. తిరిగొచ్చి చల్లబడ్డాక చూస్తే మళ్లీ వెలితి. మళ్లీ నింపుతాడు.

ఆయన నింపిన కారును నేను ఒకరోజు ఉన్నచోటే స్టార్టు చేయించి, ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని చూశాను. వేడెక్కుతున్నకొద్దీ రేడియేటర్ మెడ నుంచి కిందికి దిగే సన్నటి గొట్టంలోంచి నీళ్లు బొటబొటా నేల మీద పడ్డాయి. వేడెక్కిన నీళ్లు ఉబ్బుతాయి. ఉబ్బినవి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఈ కారు చేసినవాళ్లు వాటికి చూపించిన చోటు రోడ్డు. చల్లబడ్డాక లోపల చోటు ఖాళీ అవుతుంది, అక్కడికి తిరిగి రావడానికి నీళ్లు ఉండవు, గాలి వస్తుంది. రెండుమూడు సార్లు వేడెక్కి చల్లబడితే నిజంగానే నీళ్లు చాలవు. అప్పుడు నిజంగానే మరుగుతుంది. అంటే కారు తాగడం లేదు, కక్కుతోంది.

కాకాకు ఈ మాట నచ్చలేదు. ఇన్నేళ్లు తాగుబోతని తిట్టినదాన్ని ఇప్పుడు రోగిష్టిదంటే ఆయనకు కొంచెం అవమానంగానే ఉంది.

నేను చెప్పిన మందు ఒకటే. ఆ గొట్టం రోడ్డు మీదికి కాకుండా ఒక చిన్న ట్యాంకులోకి పోవాలి. ఉబ్బిన నీళ్లు అందులో దాక్కుని, చల్లబడ్డాక మళ్లీ రేడియేటర్‌లోకి పోవాలి. కొత్త విదేశీ కార్లకు అలాంటిది పెడుతున్నారని పత్రికలో చదివాను. మేనేజర్ విని, ఫిజిక్స్ చదివినవాళ్లంతా మెకానిక్‌లైతే మేం ఇంజనీరింగ్ ఎందుకు చదివామండీ అన్నాడు. నేను కూడా అదే అనుకుంటున్నానండీ అన్నాను. ఆ తర్వాత రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

ఆయన వేసిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ట్యాంకు వల్ల ఇంజను చల్లబడుతుందా? చల్లబడదు. ఈ మాట నేనే ముందు చెప్పి ఉండాల్సింది కాదూ అని మీరనవచ్చు. నేను చెప్పాను, ఆయనే వినలేదు. ట్యాంకు దాచిపెడుతుంది, అంతే. చల్లబరచడానికి రేడియేటర్‌లో పేరుకున్న తుప్పునంతా కడిగించి, ఫ్యాను బెల్టు మార్పించాను. నీళ్లు నిలబడితే ఈ మాత్రం చాలు.

ఇక ట్యాంకు ఎలాంటిది పెట్టాలనే దాని మీద షెడ్డంతా రెండు పార్టీలైంది. పెళ్లిచూపుల్లో కూడా అంత చర్చ జరగదు. కాకా ఒక నెయ్యి డబ్బా తెచ్చాడు, లోపల తుప్పు పట్టి, ఆ తుప్పే రేడియేటర్‌లోకి పోతుందని నేను ఒప్పుకోలేదు. స్టోర్స్ ఆయన ఇంటి నుంచి ఊరగాయ జాడీ తెచ్చాడు, ఎంతో ప్రేమగా. అది గతుకుల్లో నాలుగు ముక్కలవుతుంది. మేనేజర్ చెప్పిన ప్లాస్టిక్ క్యాను నిజానికి నాకూ నచ్చింది, లోపల నీళ్లెంత ఉన్నాయో బయటికి కనిపిస్తాయి. కానీ సలసల కాగే నీళ్లు పోసి చూపిస్తే అది అందరి ముందే మెత్తబడి ఒక పక్కకు వాలిపోయింది. ఆయన దాన్ని చూసి, ఈ క్యాను నాసిరకం అన్నాడు. కావచ్చు. మంచి రకం మా బజారులో దొరకనప్పుడు నాసిరకంతోనే లెక్క వేసుకోవాలి కదా.

చివరికి ఇత్తడి. సంగారెడ్డి బజారులో ఒక కంచరి ఆయన బిందెలు చేసేవాడు. నేను బొమ్మ గీసుకుని తీసుకుపోతే, ఏ దేవుడికమ్మా ఈ పాత్ర అని అడిగాడు. కారుకు అంటే నవ్వలేదు. మూత బిగువుగా ఉండాలి, కానీ మూతలో సూది దూరేంత చిల్లి ఉండాలి అన్నాను. చిల్లి ఉన్న మూతకు బిగువెందుకని ఆయన అడిగాడు. నీళ్లు చిందకుండా బిగువు, గాలి ఆడడానికి చిల్లి అని చెప్పాను. నీళ్లు లోపలికి వచ్చినప్పుడు గాలి బయటికి పోవాలి, నీళ్లు వెనక్కి పోయినప్పుడు గాలి లోపలికి రావాలి. ఆ చిల్లి లేకపోతే ఆ ట్యాంకు బాంబు అవుతుంది. ఈ వాక్యం జాగ్రత్తగా చదవండి. మా షెడ్డులో కూడా ఇదే వాక్యం నేను అందరికీ చెప్పాను, అందరూ తలూపారు.

బిగించడానికి నాకూ కాకాకూ ఒక వారం పట్టింది. రేడియేటర్ పాత మూత నీళ్లను బయటికి పోనిస్తుంది కానీ తిరిగి రానివ్వదు. అందుకని హైదరాబాదులో రేడియేటర్లు బాగుచేసే దుకాణంలో పాత మెడ కోయించి, రెండు వైపులా దారి ఇచ్చే మూత పట్టే కొత్త మెడ అతికించాం. ట్యాంకును రేడియేటర్ పక్కనే, పొగగొట్టానికి దూరంగా, రెండు పట్టీలతో బిగించాం. రబ్బరు గొట్టం రేడియేటర్ మెడ నుంచి దిగి ట్యాంకు అడుగు దాకా పోతుంది. మొదట కాకా దాన్ని పైపైనే ఉంచాడు. చల్లబడ్డాక కారు గుర్రుగుర్రుమని గాలి పీల్చుకుంది తప్ప చుక్క నీరు వెనక్కి తీసుకోలేదు. గొట్టం చివర నీళ్లలో మునిగి ఉంటే కదా నీళ్లు తాగేది.

అడుగు దాకా దించాక పని సాగింది. సంగారెడ్డి పోయి వచ్చి, చల్లబడ్డాక కాకా రేడియేటర్ మూత తీసి చూశాడు. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. వేలు పెట్టి చూసుకుని, మళ్లీ చూశాడు. ఇన్నేళ్లలో తాను పోయకుండా నిండిన రేడియేటర్ ఆయనకు అదే మొదటిది. ఇగ నాకు పనేంది బిడ్డా అన్నాడు. నడుపు కాకా అన్నాను.

అప్పటి నుంచి దానికి పిల్ల ట్యాంకు అని పేరొచ్చింది. లారీ డ్రైవర్లు, పోత పనివాళ్లు, క్యాంటీన్ ఆమె, అందరూ వచ్చి చూసి పోయేవారు. నేను వచ్చినవాళ్లందరికీ అదే పాఠం చెప్పేదాన్ని. ఇది సగమే ఉండాలి. మిగతా సగం ఖాళీ కాదు, ఉబ్బిన నీళ్లు వచ్చి కూర్చునే చోటు. అందరూ మళ్లీ తలూపారు.

దసరా పొద్దున షెడ్డులో పూజ. లారీలన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కారు ముందు జాలీకి అడ్డంగా బంతిపూల దండ, అరటాకులు కట్టబోతుంటే నేను అడ్డం పడ్డాను. రేడియేటర్‌కు గాలి తగిలేది అక్కడి నుంచే. ముక్కు మూసి ఊరేగిస్తారా అన్నాను. పూజలో కూడా గొడవేనా అని మేనేజర్ అన్నాడు. గొడవే. చాలాసేపు వాదించాక దండ బానెట్టు మీదికి పోయింది, అరటాకులు వెనక్కి పోయాయి. ఆ గెలుపుతో నేను ఇంటికి వెళ్లి స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చాను. నేను లేని ఆ గంటన్నరలో జరిగింది జరిగింది. దానికి బాధ్యత నాదేనని మేనేజర్ తర్వాత ఎన్నోసార్లు అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. షెడ్డు ఇంచార్జి స్నానం చేయకూడదని ఎక్కడా లేదు.

సాయంత్రం ఊరేగింపు కదిలింది. కాకా తలపాగా చుట్టుకుని కారు నడుపుతున్నాడు. ముందు సీటులో ఆయన పక్కన మేనేజర్, వెనక యజమాని, కార్మికుల పెద్దమనిషి. నేను బానెట్టు పక్కనే నడుస్తున్నాను. ఊరేగింపు అంటే ఇంజనుకు నరకం. మనిషి నడిచినంత మెల్లగా పోవాలి, ముందు నుంచి గాలి రాదు, ఆగి ఆగి పోవాలి. నా చెవి డప్పుల మీద లేదు, బానెట్టు మీద ఉంది. వేడెక్కాక పిల్ల ట్యాంకులోకి నీళ్లు వచ్చేటప్పుడు లోపల గుడగుడమని ఒక చప్పుడు వస్తుంది. వారం రోజులుగా వింటున్న చప్పుడు. అది రావాల్సిన సమయం దాటిపోయింది, రాలేదు. కాకా కిటికీలోంచి నా వైపు చూసి, వేడి చూపించే ముల్లు పైకి పోతోందని చేత్తో సైగ చేశాడు.

నేను నడుస్తూనే బానెట్టు రెక్క ఒకటి ఎత్తి చూశాను. రబ్బరు గొట్టం కొండచిలువ మేకను మింగినట్టు ఉబ్బి ఉంది. ట్యాంకు అతుకు దగ్గర చిన్నగా చెమ్మ. మూత మీద అరంగుళం మందాన గంధం, దాని మీద కుంకుమ బొట్టు, బొట్టు మీద అక్షింతలు. ఇంజను వేడికి అదంతా ఎండి ఇటుకలా గట్టిపడింది. చిల్లి ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

ఇంకో వంద గజాలు పోతే ఆ గొట్టం పగులుతుంది. పగిలితే నీళ్లన్నీ ఒక్కసారిగా పోతాయి, కారు అక్కడే, అందరి మధ్య. ఆపితే ఇప్పుడే ఆగుతుంది, ఇదీ అందరి మధ్యే. నా టైపు మిషన్ నాకు కళ్ల ముందు కనిపించింది.

"ఆపు కాకా," అన్నాను.

మేనేజర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఆపకు. ఊరేగింపులో బండి ఆపడం అశుభం. పోనీ."

"ఆపు. ఇంజను బంద్ చెయ్యి."

"నేను వర్క్స్ మేనేజర్‌ను చెబుతున్నాను, పోనీయవయ్యా."

కాకా ఒకసారి ఆయన్ని చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. అంతా కలిపి ఒక రెప్పపాటు. తర్వాత కారు ఆగింది. కారు వెనక లారీ, లారీ వెనక లారీ ఆగాయి. చివరికి డప్పులు కూడా ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. గుంపులోంచి ఎవరో, మళ్లీ ఆగింది, ఈ ఏడు కూడా కొలిమి పోతది అన్నారు.

నేను కొంగు నడుముకు దోపి, తలలోంచి హెయిర్‌పిన్ను తీసి, ముఖం పక్కకు తిప్పుకుని గంధంలో చిల్లి ఉండాల్సిన చోట పొడిచాను. రెండో పోటుకు దారి దొరికింది. ఈల వేసినట్టు ఆవిరి లేచి, వెనకే కుంకుమ కలిసిన ఎర్రటి నీళ్లు ఫౌంటెన్‌లా లేచి నా పట్టుచీర మీద పడ్డాయి. పక్కనున్న ఆడవాళ్లు వెనక్కి జరిగారు. ఈల సన్నబడి ఆగిపోయేదాకా ఆగి, గుడ్డ పట్టుకుని ట్యాంకు మూత తీశాను. రేడియేటర్ మూత కాదు, ట్యాంకు మూత. వేడి మీద రేడియేటర్ మూత తీసినవాడు మళ్లీ అద్దంలో ముఖం చూసుకోవడానికి ఇష్టపడడు, ఇది కూడా గుర్తు పెట్టుకోండి. ట్యాంకు అంచు దాకా నిండి ఉంది. వేలు దూరేంత చోటు కూడా లేదు.

"ఇందులో నీళ్లు ఎవరు పోశారు?"

నేను తిట్టడానికి అడిగాను. వాళ్లు మెచ్చుకోవడానికి అడిగాననుకున్నారు.

"నేనే పోసిన మేడం," అన్నాడు ఒక లారీ డ్రైవర్, ముందుకు వచ్చి. "పండుగ పూట సగం ఉంటె ఏం బాగుంటది? ఒక చెంబు పోసిన."

"నేను గూడ పోసిన," అంది క్యాంటీన్ ఆమె. "జెర వెలితి ఉండె."

పోత పనివాళ్లలో ఇద్దరు తామూ తలా కొంచెం పోశామన్నారు. స్టోర్స్ ఆయన తను పోసింది గంగాజలమని చెప్పి, ఆ మాట అందరికీ వినపడేలా మళ్లీ చెప్పాడు. చివరికి కాకా స్టీరింగు ముందు కూర్చునే తల వంచుకుని, నేను ఒక్క గుక్కెడే బిడ్డా అన్నాడు. నలుగురిలో నన్ను బిడ్డా అనడం ఆయనకు అదే మొదటిసారి. పూజ నాడు నిండని పాత్ర కళ్ల ముందు కనిపిస్తే మనవాళ్ల చేతులు ఊరుకోవు. పాఠం విన్నప్పుడు ఊపిన తలలు నిజమైనవే, పోసిన చేతులు కూడా నిజమైనవే. నేను చెప్పింది ఇంజను గురించి అనుకున్నారు, పండగకు కూడా వర్తిస్తుందని ఎవరూ అనుకోలేదు.

గంధం ఎవరిదని అడగాల్సిన పని లేదు. అంత చక్కగా, అంత గుండ్రంగా, అంత మందంగా గంధం పెట్టేవాడు మా కంపెనీలో ఒక్కడే ఉన్నాడు. మేనేజర్ కారు దిగి వచ్చి మూత వైపు చూశాడు. ఆయన ఇంజనీరు, ఎవరూ వివరించాల్సిన అవసరం లేదు. చెవులు ఎర్రబడ్డాయి. శుభానికే పెట్టానండీ అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. శుభానికి పక్కన పెట్టాల్సిందండీ, నడినెత్తిన కాదు, అన్నాను. అది మాత్రం అందరికీ వినపడింది.

కొబ్బరికాయ నీళ్లు పట్టే చెంబుతో ట్యాంకులోంచి సగం నీళ్లు తోడేశాను. మూత గీకి, చిల్లి అవతలి వెలుగు కనిపించేదాకా తుడిచి, బిగించాను. గొట్టం వేలితో నొక్కి చూస్తే మెత్తబడింది. ఇంజను కాస్త చల్లబడనిచ్చి కాకాను స్టార్టు చేయమన్నాను. ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. కాసేపటికి లోపల గుడగుడమని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

యజమాని అప్పటిదాకా వెనక సీటులోంచి కదల్లేదు. ఇప్పుడు కిటికీ దించి, "ఇగ పోతదా అమ్మా?" అని అడిగాడు.

"పోతది సార్. ఎవ్వరూ దానికి ఇంకేం మంచి చెయ్యకుంటె పోతది."

ఆయన నవ్వకుండా డప్పుల వాళ్లకు చెయ్యి ఊపాడు.

కారు జమ్మిచెట్టు దాకా పోయింది. దారిలో ఒక్క చుక్క రోడ్డు మీద పడలేదు. నేను కిందికి చూసుకుంటూనే నడిచాను కాబట్టి ఇది సాక్ష్యంతో చెబుతున్న మాట. చీకటి పడకముందే జమ్మి పూజ అయింది, ఆకులు చేతులు మారాయి, అందరూ అందరినీ కౌగిలించుకున్నారు. ఆడవాళ్లం మాత్రం ఆకు చేతిలో పెట్టి దండం పెట్టుకున్నాం.

మేనేజర్ యజమాని చేతిలో ఆకు పెట్టి, అక్కడే అడిగేశాడు. ఆయనలో నాకు నచ్చే గుణం అదే, చాటున మాట్లాడడు. షరతు షరతే కదండీ అన్నాడు. కారు ఆగకుండా రావాలన్నారు, ఆగింది. కారణం ఏదైనా కావచ్చు, ఆ కారణంలో నా చెయ్యి ఉందని నేనే ఒప్పుకుంటున్నాను, కానీ ఆగిన మాట నిజం. నేను నోరు తెరిచాను. నా దగ్గర అప్పటికే ఆరు వాదనలు వరసలో నిలబడి ఉన్నాయి. యజమాని నన్ను చేత్తో వారించి కాకాను పిలిచాడు.

"ఈ సారు పోనీ అన్నడు. ఆమె ఆపు అన్నది. నువ్వెందుకు ఆపినవు?"

కాకా తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "సారు పెద్దోడే సార్. గాని బండి కడుపుల ఏమున్నదో ఆమెకు తెలుసు. ఇగ ఎవరి మాట ఇనాలె?"

యజమాని మేనేజర్ వైపు తిరిగాడు. "చూసినవా. ఇంతమంది నడుమ, నువ్వు వద్దంటుంటె, ఆమె ఆపమంటె ఆపిండు. షెడ్డు నేను ఇచ్చేదేముంది? అది వాళ్లు ఎప్పుడో ఇచ్చేసిండ్రు."

నా ఆరు వాదనలు వృథా అయ్యాయి. ఆ విషయంలో నాకు కొంచెం అసంతృప్తి ఇప్పటికీ ఉంది. మేనేజర్ తన దగ్గర మిగిలిన జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తర్వాత చాలా ఏళ్లు ఆయనా నేనూ అదే కంపెనీలో పనిచేశాం, వారానికి ఒకసారైనా పోట్లాడుకున్నాం. షెడ్డుకు అనుకున్న తన ఊరి మనిషిని ఆయన స్టోర్స్‌లో పెట్టుకున్నాడు. బాగానే పనిచేశాడు అతను, ఆ మాట కూడా చెప్పాలి.

మరునాడు పొద్దున నేను షెడ్డుకు కొంచెం ఆలస్యంగా వెళ్లాను. గేటు దగ్గర పెద్ద కర్మాగారానికి సరుకు తీసుకుపోవాల్సిన లారీలు రెండు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయి. అలవాటు కొద్దీ మొదటి లారీ రేడియేటర్ మూత తీయించాను. లోపల నీళ్లు సగమే ఉన్నాయి. రెండోదానిలో కూడా సగమే. బ్యాటరీ మూతలు తీస్తే వాటిలోనూ సగం. పక్కనున్న నీళ్ల డ్రమ్ము, చేతులు కడుక్కునే తొట్టి, ఆఖరికి తాగే నీళ్ల కుండ, ఏది చూసినా సగం. నిన్న గుక్కెడు గుక్కెడు పోసినవాళ్లే ఇవాళ పొద్దున్నే వచ్చి, అన్నిటిలోంచీ జాగ్రత్తగా కొలిచి తోడేశారు.

ఇదేంది అని అడిగితే, "మీరే చెప్పిండ్రు గద మేడం, ఉబ్బేతందుకు జాగ ఉండాలె అని," అన్నాడు లారీ డ్రైవర్.

గంటసేపు తిట్టాను. రేడియేటర్ వేరు, పిల్ల ట్యాంకు వేరు, బ్యాటరీ వేరు, కుండ వేరు అని ఒక్కొక్కదాని ముందు నిలబడి తిట్టాను. అది అడగడానికి నువ్వెవరని ఎవరూ అనలేదు, మేనేజర్ గారిని పిలవమంటారా అని కూడా అనలేదు. బకెట్లు తీసుకుని, నేను తిడుతున్న వరసలోనే ఒక్కొక్కటిగా నింపుకుంటూ పోయారు.